ఒడిశా సరిహద్దు తెలుగువారి నడుమ సువార్త చెప్పడం: సిద్ధపాటు నుండి బాప్తిస్మం వరకు వరుసగా

పర్లాకిమిడి, కాశీనగర్, గుణుపురం, రాయగడ, జయపురం పరిసరాల్లోని తెలుగు సంఘాల విశ్వాసులు ఒకే ప్రశ్నను పలు రూపాల్లో అడుగుతూ ఉంటారు. ఇరుగుపొరుగువారికి, బంధువులకు, పనిచేసేచోటి తోటివారికి క్రీస్తును గురించి చెప్పాలని ఉన్నది గాని ఎలా మొదలుపెట్టాలో, ఎంతవరకు చెప్పాలో, ఎక్కడ ఆగాలో తెలియడం లేదన్నది ఆ ప్రశ్న. ఈ మార్గదర్శి దానికి వరుసక్రమంలో ఇస్తున్న సమాధానం. మైకు పట్టుకొని మాట్లాడగల ప్రసంగీకుల కోసం కాదు. దుకాణం నడుపుకొనే, బడిలో పాఠం చెప్పే, పొలం చేసుకొనే సామాన్య విశ్వాసి కోసం రాసినది.

ఈ పనిలో మాటల నేర్పు కంటె, చెప్పే వ్యక్తికి పొరుగువారితో ఉన్న సంబంధమే ఎక్కువ పనిచేస్తుంది. ఆ సంబంధంలో డబ్బు, ఆశ, బెదిరింపు ఏ కొంచెం కలిసినా సువార్త చెడుతుంది. ఒడిశాలో అది నేరం కూడా కావచ్చు. అందుచేత కింది మెట్లలో చాలా భాగం నోరు విప్పకముందు చేయవలసినవే.

1. ఎందుకు చెబుతున్నారో ముందు తేల్చుకోండి

క్రైస్తవులు తమ విశ్వాసాన్ని ఇతరులకు చెప్పడానికి లేఖనాల్లో కారణాలు స్పష్టంగా ఉన్నాయి. సమస్త జనులను శిష్యులుగా చేయమని మత్తయి సువార్త 28వ అధ్యాయం చివర యేసు ఇచ్చిన ఆజ్ఞ మొదటిది. కృతజ్ఞత రెండవది: దయ్యాల పీడ నుండి విడుదల పొందిన మనిషి తన వెంట వస్తానంటే యేసు ఒప్పుకోలేదు, ఇంటికి వెళ్లి, ప్రభువు తనకు చేసిన మేలును తనవారికి చెప్పమన్నాడు (మార్కు 5:19). మూడవది పొరుగువాని మీది ప్రేమ. తనకు ప్రాణాధారమని తాను నమ్మిన సంగతిని, తాను ప్రేమించే మనిషి దగ్గర దాచిపెట్టడం ఎవరికైనా కష్టమే.

ఆచరణలో మాత్రం మరికొన్ని కారణాలు చాటుగా వచ్చి చేరుతాయి. నివేదికలో అంకె చూపించాలన్న తొందర, పక్క సంఘం కంటె పెద్దది కావాలన్న పోటీ, వాదంలో గెలవాలన్న పంతం అటువంటివి. ఎదుటి మనిషి వీటిని రెండు మూడు మాటల్లోనే పసిగడతాడు.

బయలుదేరేముందు మిమ్మల్ని మీరు ఒక్కటి అడగండి: ఈ వ్యక్తి ఎన్నటికీ క్రైస్తవుడు కాకపోయినా నేను ఇతనితో ఇంతే స్నేహంగా ఉంటానా? ఉండనని మనసు చెబితే ఆ ఇంటికి ఇంకా వెళ్లవద్దు.

2. చెప్పేవారి సిద్ధపాటు

చిన్న ఊళ్లలో ఎవరి సంగతి ఎవరికీ తెలియనిది కాదు. కిరాణా కొట్టులో నెలల తరబడి బాకీ పెట్టి, గట్టు తగాదాలో అన్నదమ్ముల మీద కేసు నడుపుతూ, ఆదివారం సాయంత్రం క్షమాపణను గురించి చెబితే వినేవారు ఉండరు. బాకీ తీర్చండి, లేదా గడువు అడిగి ఆ గడువుకు కట్టుబడండి. తగాదా ఉంటే ముందు మీరే వెళ్లి మాట్లాడండి.

తరువాత పేర్లు రాసుకోండి. ఊరంతటికీ చెప్పాలనుకొనేవారు చివరకు ఎవరికీ చెప్పరు. మీకు ఇప్పటికే రాకపోకలున్న నలుగురైదుగురి పేర్లు ఒక నోటుపుస్తకంలో రాసి, వారి పిల్లల చదువు, ఆరోగ్యం, పంట, ఉద్యోగం గురించి ప్రతిదినం ప్రార్థించండి. ఆ పుస్తకాన్ని ఇంటి బయటకు తీసుకుపోవద్దు, ఫోటో తీసి ఎవరికీ పంపవద్దు.

ఒంటరిగా వెళ్లవద్దు. యేసు శిష్యులను ఇద్దరిద్దరుగా పంపాడు (మార్కు 6:7). స్త్రీలతో స్త్రీలు, పురుషులతో పురుషులు మాట్లాడటం మన ప్రాంతంలో మర్యాద, క్షేమం కూడా. ఇంట్లో స్త్రీ ఒంటరిగా ఉన్నప్పుడు పురుషులు గడప దాటవద్దు. పలకరించి, మరొకసారి వస్తామని చెప్పి మరలిరావాలి.

చివరగా, చెప్పబోయే సంగతి మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి. ఏళ్ల తరబడి ఆరాధనకు వస్తున్నవారు కూడా సువార్త అంటే ఏమిటని అడిగితే తడబడటం కద్దు. మొదటి కొరింథీయులకు రాసిన పత్రిక 15వ అధ్యాయంలోని 3, 4 వచనాలు దాని సారం: లేఖనాల ప్రకారం క్రీస్తు మన పాపాల నిమిత్తం చనిపోయాడు, సమాధి చేయబడ్డాడు, మూడవ దినాన లేపబడ్డాడు. దేవుడు మనిషిని ప్రేమతో సృష్టించాడు, మనిషి ఆయనకు ఎదురుతిరిగి దూరమయ్యాడు, ఆ దూరాన్ని క్రీస్తు తన మరణ పునరుత్థానాల ద్వారా తొలగించాడు, మారుమనస్సు పొంది ఆయనను నమ్మినవారికి క్షమాపణ, నూతన జీవం ఉచితంగా దొరుకుతాయి. ఈ నాలుగు సంగతులను కాగితం చూడకుండా మీ సొంత మాటల్లో చెప్పగలిగేవరకు సాధన చేయండి.

వెళ్లేముందు చూసుకోవలసినవి:

- బాకీలు, తగాదాల విషయంలో నా వంతు నేను చేశానా?
- నాతో వచ్చే తోడు ఎవరు?
- సంఘ పెద్దకు గాని పాస్టరుగారికి గాని సంగతి తెలుసా?
- చేతిలో బియ్యం, దుప్పట్లు, డబ్బు వంటివి ఏమీ లేవు కదా?

చివరిది ఎందుకన్నది కింది మెట్టులో ఉన్నది.

3. చట్టం ఏమంటున్నదో చదివి తెలుసుకోండి

రాజ్యాంగంలోని 25వ అధికరణం ప్రజాశాంతి, నైతికత, ఆరోగ్యాలకు లోబడి మతాన్ని అవలంబించే, ఆచరించే, ప్రచారం చేసే హక్కును అందరికీ ఇస్తున్నది. 1977లో స్టెయినిస్లాస్ కేసులో సుప్రీంకోర్టు ఆ హక్కు పరిధిని తేల్చింది. తన మత సిద్ధాంతాలను వివరించి వ్యాపింపజేయడం హక్కే గాని, మరొకరిని తన మతంలోకి మార్చడమన్నది హక్కు కాదని తీర్పు చెప్పింది. ఒడిశా మతస్వేచ్ఛ చట్టాన్ని అంతకుముందు 1972లో ఒరిస్సా హైకోర్టు కొట్టివేయగా, ఈ తీర్పుతో ఆ చట్టం నిలిచింది.

1967 నాటి ఆ చట్టం బలవంతం, ప్రలోభం, మోసం ద్వారా మతం మార్చడాన్ని, మార్చ ప్రయత్నించడాన్ని నిషేధిస్తున్నది. శిక్ష ఏడాది వరకు జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. మైనరు, స్త్రీ, షెడ్యూల్డు కులం లేదా తెగకు చెందిన వ్యక్తి విషయంలోనైతే రెండేళ్ల వరకు జైలు, 10,000 రూపాయల వరకు జరిమానా. పర్లాకిమిడికి ఆనుకొని ఉన్న పాతపట్నం ఆంధ్రలోనిది. ఇటువంటి మతస్వేచ్ఛ చట్టం అక్కడ లేదు. అందువల్ల అటునుండి వచ్చే బృందాలు అక్కడి అలవాటులోనే ఇక్కడా నడుచుకొని చిక్కుల్లో పడే ప్రమాదం ఉన్నది.

ఈ చట్టంలోని నిర్వచనాలను శ్రద్ధగా గమనించాలి. నగదుగా గాని వస్తురూపంగా గాని ఇచ్చే బహుమానం, మరే విధమైన లాభమైనా ప్రలోభం కిందికి వస్తుంది. దేవుని ఆగ్రహం కలుగుతుందని, కులం నుండి వెలివేస్తారని బెదిరించడం బలవంతం కిందికి వస్తుంది. కనుక నరకాగ్నిని వర్ణించి భయపెట్టే ప్రసంగం చట్టం దృష్టిలోనూ ప్రమాదకరమే. నా అభిప్రాయంలో అది సువార్త దృష్టిలోనూ బలహీనమైన పద్ధతే. భయంతో వచ్చినవారు భయం తీరగానే వెళ్లిపోతారు.

సంఘం బీదలకు సహాయం చేయడం మానుకోవాలని దీని అర్థం కాదు. సహాయం చేసే దినం వేరు, సువార్త చెప్పే దినం వేరు కావాలి. సహాయం మతంతో నిమిత్తం లేకుండా, అవసరాన్ని బట్టి, వీలైతే గ్రామపెద్దలకు తెలిసేటట్లుగా జరగాలి.

మరికొన్ని నియమాలు క్లుప్తంగా:

- లౌడుస్పీకరుకు ముందుగా లిఖితపూర్వక అనుమతి కావాలి. బహిరంగ స్థలంలో రాత్రి 10 నుండి ఉదయం 6 వరకు వాడకూడదు.
- ఇతరుల మతభావాలను ఉద్దేశపూర్వకంగా గాయపరచే మాటలు భారతీయ న్యాయ సంహిత 299, 302 సెక్షన్ల కింద నేరం.
- పర్యాటక వీసా మీద వచ్చిన విదేశీ అతిథి చేత ఎక్కడా మతప్రచారం చేయించకూడదు.
- తల్లిదండ్రుల ఎరుక లేకుండా పిల్లలకు బోధించకూడదు.

చట్టాలు మారుతూ ఉంటాయి గనుక, సంఘం ఒక న్యాయవాదిని ఏడాదికొకసారైనా పిలిపించి విశ్వాసులకు వివరంగా చెప్పించడం మంచిది.

4. భాష, లిపి, సమయం

సరిహద్దు జిల్లాల్లో ఒక విచిత్రమైన స్థితి ఉన్నది. ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలు చాలామంది బడిలో ఒడియా చదువుకొంటున్నారు. తాతకు తెలుగు చదవడం వచ్చు, మనుమడికి రాదు. అటువంటి ఇంట్లో ఇరవయ్యేళ్ల కుర్రవాడి చేతిలో తెలుగు కరపత్రం పెడితే అతడు మర్యాదకు తీసుకొని మడిచి జేబులో పెట్టుకొంటాడు, అంతే. ఎవరు ఏ లిపి చదువుతారో ముందే తెలుసుకోండి. బైబిలు తెలుగులోనూ ఒడియాలోనూ దొరుకుతుంది. సవరలకు వారి సొంత భాషలోనే లేఖనాలు ఉన్నాయి. చదువురానివారికి ఆడియో బైబిలు మేలు. ఫోనులో డౌన్‌లోడు చేసి పెట్టుకోండి, కొండప్రాంతాల్లో నెట్‌వర్కు అన్నిచోట్లా ఉండదు.

మనం ఆరాధనలో చదివే పాత తెలుగు తర్జుమా భాష కొత్తవారికి ఒక పట్టాన అర్థం కాదు. వచనం చదివిన వెంటనే అదే సంగతిని వాడుక తెలుగులో మళ్లీ చెప్పండి. సంఘంలో అలవాటైపోయిన మాటలను ఇంటి బయట వాడవద్దు. ముఖ్యంగా ఎదుటివారిని అన్యులని అనడం మానుకోవాలి, వారు వినని చోట కూడా.

సమయం విషయంలో పొరపాటు చేసేవారు ఎక్కువ. వరినాట్లు, కోతల రోజుల్లో సాయంత్రానికి మనిషి అలిసి ఉంటాడు. ఆ రోజుల్లో పలకరింపు చాలు. మార్గశిర లక్ష్మివారాల్లో ఒడియా ఇళ్లలోనూ తెలుగు ఇళ్లలోనూ లక్ష్మీపూజ ఉంటుంది; ఆ దినాల్లో వెళ్లి కూర్చోవద్దు. రథయాత్ర జనసమ్మర్దంలో గాని, గుడి ముందు గాని, జాతరలో గాని కరపత్రాలు పంచడం అవివేకం. సంతలో పంచినా చాలావరకు నేలపాలవుతాయి.

5. మూడు నిమిషాల సాక్ష్యం తయారు చేసుకోండి

అగ్రిప్ప రాజు ఎదుట పౌలు చెప్పిన సాక్ష్యాన్ని (అపొస్తలుల కార్యములు 26) నమూనాగా తీసుకోవచ్చు. అందులో మూడు భాగాలు కనిపిస్తాయి: క్రీస్తును ఎరగక ముందు తన బతుకు, ఆయనను ఎరిగిన విధం, ఆ తరువాత వచ్చిన మార్పు. ఒక్కొక్క భాగానికి ఒక నిమిషం చాలు. మొదట కాగితం మీద రాయండి, తరువాత చదవకుండా చెప్పడం సాధన చేయండి, ఇంట్లోవారికి వినిపించండి. అతిశయోక్తి ఎక్కడున్నదో భార్యకో భర్తకో వెంటనే తెలిసిపోతుంది గనుక ఈ మెట్టును దాటవేయవద్దు.

మొదటి భాగాన్ని సాగదీయడం అందరూ చేసే పని. పాత తాగుడు, పాత గొడవలు వర్ణించి చెప్పడంలో ఒక రుచి ఉంటుంది. వినేవారు నవ్వుతారు కూడా. క్రీస్తు దగ్గరకు వచ్చేసరికి సమయం అయిపోతుంది. రాసిన కాగితంలో మొదటి భాగం సగం కంటె ఎక్కువ ఉంటే కోసివేయండి.

భర్తను పోగొట్టుకొన్న ఒక విశ్వాసురాలు పొరుగింటి ఆమెతో చెబుతున్నదనుకొందాం. సాక్ష్యం ఈ ధోరణిలో ఉంటే చాలు:

"మా ఆయన పోయాక నాకు బతుకు మీద కోపంగా ఉండేదమ్మా. దేవుడి మీదా కోపమే. మా వదిన వచ్చి యోహాను సువార్త చదివి వినిపించేది. యేసు స్నేహితుడి సమాధి దగ్గర ఏడ్చాడని, తర్వాత తానూ చనిపోయి మూడో రోజున లేచాడని విన్నాను. మొదట నమ్మబుద్ధి కాలేదు. మెల్లగా నమ్మాను. దుఃఖం పోయిందని నేను అబద్ధం చెప్పను. కాని రాత్రిపూట ఒంటరిదాన్ననిపించదు. మా ఆయనను మళ్లీ చూస్తాననే ఆశ ఉంది."

ఇందులో ఎవరి దేవుడి మీదా నింద లేదు, వినేవారికి ఆజ్ఞ లేదు, రోగం పోయిందనో డబ్బు వచ్చిందనో చెప్పడం లేదు. పొరుగింటి ఆమె కాదనడానికి ఏమీ లేదు. ఆమెకు ఆసక్తి కలిగితే తానే తరువాతి ప్రశ్న వేస్తుంది.

6. సంభాషణ నడిపే వరుస

మొదట వినండి. సువార్తికుడైన ఫిలిప్పు, రథంలో లేఖనం చదువుకొంటున్న ఐతియొపీయుని దగ్గర (అపొస్తలుల కార్యములు 8) ప్రసంగంతో మొదలుపెట్టలేదు. చదువుతున్నది అర్థమవుతున్నదా అని అడిగాడు. ఎదుటివారు కూతురి పెళ్లిని గురించి, ఆసుపత్రి ఖర్చును గురించి చెబుతుంటే అది పూర్తయ్యేవరకు వినాలి. మొదటి రెండు మూడు సందర్శనాలు అలాగే గడిచిపోయినా నష్టం లేదు.

తరువాత అనుమతి అడగండి. "పిన్నీ, మీకు అభ్యంతరం లేకపోతే మీ అమ్మాయి కోసం ఇక్కడే ప్రార్థన చేయమంటారా?" లేదా "అన్నా, నాకు ధైర్యమిచ్చిన ఒక సంగతి చెప్పనా?" వద్దంటే చిరునవ్వుతో మాట మార్చండి. సరేనంటే ప్రార్థన ఒక నిమిషానికి మించకుండా, మామూలు గొంతుతో చేయండి. పొరుగిళ్లవారు కిటికీలు తెరిచి చూసేటంతటి గట్టి ప్రార్థన ఆ ఇంటివారికి ఇబ్బంది తెచ్చిపెడుతుంది.

మూడవ అడుగు సాక్ష్యం. నాలుగవది ఒక కథ. కథలు చెప్పుకొనే అలవాటున్న మన ఇళ్లలో వాదన కంటె కథ లోతుగా దిగుతుంది. లూకా 15వ అధ్యాయంలోని తప్పిపోయిన కుమారుని ఉపమానంతో మొదలుపెట్టండి. తండ్రి బతికి ఉండగానే వాటా అడగడం ఎంతటి అవమానమో మన ఊళ్లలో ఎవరికీ వివరించనక్కరలేదు. తండ్రి దూరం నుండే చూసి పరుగెత్తి వెళ్లాడనే చోట కొంచెం ఆగండి. పెద్దమనిషి వీధిలో పరుగెత్తడమంటే ఏమిటో విననివ్వండి. పెద్దకొడుకును వదిలేయవద్దు. చాలామంది చిన్నకొడుకు ఇంటికి చేరగానే కథ ముగిస్తారు, కాని యేసు ఆ కథను పెద్దకొడుకు గుమ్మం బయట నిలబడి ఉండగా ఆపాడు. మంచి నడవడి గల మనిషికి ఆ భాగమే తగులుతుంది.

కథ అయ్యాక వివరణ ఇవ్వకుండా, "ఆ తండ్రి ఎటువంటివాడనిపించింది?" అని అడిగి జవాబు వినండి. ఈ ఉపమానంలో సిలువ ప్రస్తావన లేదు గనుక, ఈ కథ చెప్పిన యేసే తరువాత సిలువ మీద చనిపోయాడని, తప్పిపోయినవారి కోసమే చనిపోయాడని మరొక రోజు చెప్పవలసి ఉంటుంది. అన్నీ ఒకే సాయంత్రం చెప్పనక్కరలేదు.

అయిదవ అడుగు ఆహ్వానం. ఆసక్తి చూపినవారిని వెంటనే కూడికకు పిలవడం కంటె, వారి ఇంట్లోనే వారానికొకసారి మార్కు సువార్త చదువుదామని అడగండి. మార్కులో 16 అధ్యాయాలు ఉన్నాయి. వారానికొకటి చొప్పున నాలుగు నెలల్లో ముగుస్తుంది. 14వ అధ్యాయం 72 వచనాలతో పెద్దది గనుక దానిని రెండు వారాలకు పంచండి. ప్రతి వారం మూడే ప్రశ్నలు: ఇక్కడ యేసు ఏమి చేశాడు? దీనిని బట్టి ఆయన ఎవరని తెలుస్తున్నది? ఇది నిజమైతే నా బతుకులో ఏమి మారాలి? 8వ అధ్యాయంలో తాను ఎవరని శిష్యులు అనుకొంటున్నారో యేసు అడుగుతాడు. అక్కడికి చేరేసరికి చదివేవారికి కూడా తమ సొంత జవాబు ఒకటి ఏర్పడుతూ ఉంటుంది. తొందరపెట్టి ముందే ఆ జవాబు చెప్పించవద్దు.

7. తప్పక వచ్చే ప్రశ్నలు

*"అందరి దేవుళ్లూ ఒకటే కదా?"* ఇది చాలాసార్లు వాదన కాదు, మర్యాద. మనం మర్యాదగానే బదులివ్వాలి: "మీరు అలా నమ్ముతున్నారని నాకు తెలుసు. యేసు తనను గురించి చెప్పుకొన్న మాటలు నన్ను వేరేలా ఆలోచింపజేశాయి. కలిసి చదువుదామా?"

*"మతం మారితే డబ్బు ఇస్తారట కదా?"* నొచ్చుకోవద్దు. ఇవ్వరని, ఇచ్చేవారుంటే అది తప్పని సూటిగా చెప్పండి. కానుకల పెట్టె గురించి కూడా నిజమే చెప్పండి. సంఘంలో ఇచ్చేది విశ్వాసే.

*"ప్రసాదం ఎందుకు తీసుకోరు?"* సంఘాల్లో దీని మీద ఆచరణ భేదాలు ఉన్నాయి, మొదటి కొరింథీ పత్రిక 8, 10 అధ్యాయాలు చదివి మీ నిర్ణయం ముందే చేసుకోండి. తీసుకోనివారు చేతులు జోడించి, ఇచ్చినవారి మీది గౌరవాన్ని మాటల్లో చెప్పి, అదే ఇంట్లో మంచినీళ్లో టీయో అడిగి తాగండి. మొహం తిప్పుకొని వెళ్లిపోవడం వల్ల కలిగే గాయం ఏళ్ల తరబడి మానదు.

*"చనిపోయిన మా అమ్మానాన్నలు ఎక్కడున్నట్టు?"* అన్నిటిలోకి బరువైన ప్రశ్న ఇదే. తీర్పరి స్థానంలో మీరు కూర్చోవద్దు. సర్వలోకానికి తీర్పు తీర్చేవాడు న్యాయమే చేస్తాడని అబ్రాహాము అన్న మాట (ఆదికాండము 18:25) చెప్పి ఊరుకోవడం మేలు.

*"బొట్టు, గాజులు తీసేయాలా? పేరు మార్చుకోవాలా?"* క్రీస్తును నమ్మడానికి ఇవేవీ షరతులు కావు. సంఘ ఆచారాలను మొదటి దినమే ముందుంచితే, వినేవారికి క్రీస్తు కనిపించడు, ఆచారమే కనిపిస్తుంది.

8. సాధారణంగా జరిగే పొరపాట్లు, దిద్దుబాటు

*విగ్రహాలను, దేవతలను హేళన చేయడం.* ఎఫెసులో అర్తెమి దేవి గుడి ఉన్న పట్టణంలో పౌలు ఏళ్ల తరబడి బోధించాడు. అయినా అతని సహచరులు దేవతను దూషించలేదని ఆ ఊరి కరణమే సాక్ష్యం చెప్పాడు (అపొస్తలుల కార్యములు 19:37). హేళన మాట నోరు జారితే, అదే మనిషి దగ్గరకు, అదే వారంలో వెళ్లి క్షమాపణ అడగండి.

*స్వస్థత వాగ్దానం చేయడం.* ప్రార్థన చేయవచ్చు. ఫలానా రోగం తప్పక పోతుందని చెప్పకూడదు. మన జిల్లాల్లో జ్వరమంటే మలేరియా కావచ్చు గనుక ముందు రక్తపరీక్ష చేయించాలి. క్షయరోగి కోర్సు మధ్యలో మందు ఆపితే ప్రాణానికే ముప్పు. ఎవరైనా మందులు మానేశామని చెబితే అదే రోజున వారిని ఆసుపత్రికి మీరే తీసుకుపోండి. పోస్టర్ల మీద రోగాల జాబితా అచ్చువేయించవద్దు.

*ఫోటోలు, వీడియోలు.* ఎవరో ప్రార్థనకు తల వంచగానే ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టేవారు, ఆ మనిషి మరునాడు ఊళ్లో ఎదుర్కోబోయే మాటలను గురించి ఆలోచించరు. ఇప్పటికే పెట్టినవి ఉంటే తొలగించండి.

*కుటుంబాన్ని పక్కన పెట్టి ఒక్కరితోనే రహస్యంగా మాట్లాడటం.* ఇంటి పెద్దకు తెలియకుండా కోడలితోనో కాలేజీ కుర్రవాడితోనో నెలల తరబడి మాట్లాడితే, బయటపడిన రోజున మోసం జరిగిందనే అందరూ అనుకొంటారు. మొదటి నుండీ ఇంటిపెద్దను పలకరించి, అందరూ ఉన్నప్పుడే మాట్లాడండి.

*ఎడతెగని మాటలు.* గంట కూర్చున్నారంటే చాలా సేపు కూర్చున్నట్టే.

9. వద్దన్నప్పుడు, అడ్డగించినప్పుడు

వద్దన్నవారిని మళ్లీ మళ్లీ అడగవద్దు. వారి ఇంటి పెళ్లికి వెళ్లండి, చావుకు వెళ్లండి, ఇంతకు ముందులాగే పలకరించండి. తాను నాటితే అపొల్లో నీళ్లు పోశాడని, వృద్ధి కలుగజేసినవాడు దేవుడేనని పౌలు రాశాడు (1 కొరింథీ 3:6). మీ వంతు ఎంతవరకో ఆ వాక్యమే చెబుతున్నది.

కొందరు గుంపుగా వచ్చి అడ్డగిస్తే:

- వాదించవద్దు, గొంతు పెంచవద్దు.
- మేము ఫలానావారి పిలుపు మీద వచ్చామని ఒకసారి చెప్పండి. పొమ్మంటే వెళ్లిపోండి.
- ఆ ఇంటివారిని ఇరకాటంలో పెట్టే మాట ఏదీ అనవద్దు.
- వెంటనే సంఘ పెద్దలకు, అవసరమైతే పోలీసు స్టేషనుకు తెలపండి. జరిగినది అదే రోజు తేదీ, సమయంతో రాసి పెట్టుకోండి.

పోలీసులు పిలిస్తే న్యాయవాదితో, సంఘ పెద్దతో కలిసి వెళ్లండి. అబద్ధం ఒక్కటి కూడా చెప్పవద్దు.

10. నమ్ముతానని చెప్పిన తరువాత

చాలా సంఘాలు తొందరపడేది ఇక్కడే. ఒక వ్యక్తి నమ్ముతానన్న వారానికే బాప్తిస్మం ఇవ్వడం మన పరిస్థితుల్లో మంచిది కాదని నా గట్టి అభిప్రాయం. గోపురం కట్టదలచినవాడు ముందు కూర్చొని ఖర్చు లెక్కచూసుకొంటాడని యేసే అన్నాడు (లూకా 14:28). ఆ లెక్కను వారితో కూర్చొని చేయించడం మీ బాధ్యత.

వరుసగా చేయవలసినవి:

1. మార్కు సువార్త చదువు పూర్తి కానివ్వండి.
2. భార్యకు లేదా భర్తకు, తల్లిదండ్రులకు వారే స్వయంగా చెప్పనివ్వండి. వారి బదులు మీరు చెప్పవద్దు.
3. పర్యవసానాలను దాచకుండా చెప్పండి. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం షెడ్యూల్డు కులాల హోదా హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే వర్తిస్తుంది. క్రైస్తవ మతం స్వీకరించిన వ్యక్తి ఆ రిజర్వేషను కోల్పోతాడు. షెడ్యూల్డు తెగల హోదాను మతం ఆధారంగా నిర్ణయించడం లేదు. పిల్లల చదువు, ఉద్యోగం దీనిమీద ఆధారపడి ఉన్న కుటుంబం ఈ సంగతిని బాప్తిస్మం తరువాత తెలుసుకొంటే, దాచినవారిని క్షమించడం వారికి కష్టమవుతుంది.
4. 1989 నాటి ఒడిశా నియమాల ప్రకారం, మతం మారదలచిన వ్యక్తి తన సొంత ఇష్టంతోనే మారుతున్నానని మొదటి తరగతి మేజిస్ట్రేటు ఎదుట ముందుగా ప్రకటన ఇవ్వాలి.
5. బాప్తిస్మమిచ్చే పాస్టరుగారు ఆ తేదీ, సమయం, స్థలం, వ్యక్తుల పేర్లు, చిరునామాలను కనీసం 15 రోజుల ముందు జిల్లా కలెక్టరుకు తెలియజేయాలి. రసీదు తీసుకొని సంఘ దస్తావేజుల్లో భద్రపరచండి.
6. ఇవి పూర్తయ్యాకనే తేదీ ప్రకటించండి.

ఇదంతా భారమని, విశ్వాసానికి ప్రభుత్వ కాగితం ఎందుకని అడిగేవారు ఉన్నారు. ఆ చర్చ న్యాయస్థానాల్లో జరగవలసినది. చట్టం అమలులో ఉన్నంతకాలం, దానిని దాటవేస్తే మొదట నష్టపోయేది కొత్తగా నమ్మిన ఆ నిరుపేదే.

11. వలసవెళ్లేవారి విషయంలో

మార్కు చదువు సగంలో ఉండగా ఆ ఇంటి మనిషి పని కోసం హైదరాబాదుకో చెన్నైకో వెళ్లిపోవడం మన ప్రాంతంలో మామూలే. వెళ్లేముందు మిగిలిన అధ్యాయాల ఆడియోను అతని ఫోనులోకి ఎక్కించండి. వారానికొకసారి ఏ సమయంలో ఫోను చేస్తే ఇబ్బంది ఉండదో అడిగి, ఆ సమయానికే చేయండి. మేస్త్రీ ఎదుట మాట్లాడవలసిన స్థితి తేవద్దు. అతడు కోరితేనే ఆ ఊరిలోని తెలుగు లేదా ఒడియా సంఘానికి పరిచయం చేయండి. అతని నంబరును అడగకుండా ఎవరికీ ఇవ్వవద్దు. ఇక్కడ మిగిలిన భార్యాపిల్లలను సంఘ స్త్రీలు మునుపటిలాగే చూసివస్తూ ఉండాలి. చదువు కొనసాగించాలా, అతడు తిరిగివచ్చేవరకు ఆపాలా అన్నది ఆమెనే నిర్ణయించుకోనివ్వండి.